రంపపు పొట్టు రంగు

“చంపింది నేనే. ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఉరి తీసెయ్యండి, అందరికీ పీడ వదిలిపోతుంది.”

“మన దేశంలో ఉరి ఎత్తేసి చాలా ఏళ్లయింది మతౌష్. నీ ఒక్కడి కోసం మళ్లీ తీసుకురారు. ఆ బన్ను తిను,” అన్నాను.

అతను తినలేదు. భార్య అనేష్కా గసగసాలు కూరి పంపిన బన్నులు బల్ల మీద అలాగే ఉన్నాయి. లాకప్‌లో పెట్టిన దగ్గర్నించీ ఏం పంపినా, చనిపోయిన లూబోష్ తల్లికి ఇచ్చేయమంటున్నాడట. కాపలా కానిస్టేబుల్ జాలిపడి ఒకసారి నిజంగానే తీసుకెళ్లాడు. ఆ ముసలావిడ పొట్లం చూసి తలుపు వేసేసుకుంది.

ఈ కేసు నాది కాదు. నేను, డ్రహొమీరా అనబడే నేను, జిల్లా క్రైం పోలీసులో కెప్టెన్ని. కేసు మాత్రం యిహ్లవా నగరం నుంచి దిగిన ఎవ్‌జెన్ బరేష్‌ది. అతనూ కెప్టెనే, వయసులో చిన్న, నోరు మాత్రం పెద్దది. మధ్యాహ్నం ముద్దాయిని కొండ మీదికి తీసుకెళ్లి, జరిగింది జరిగినట్టు చేయించి వీడియో తీస్తారు. సాయంత్రం కోర్టు. అక్కడితో మతౌష్ బతుకు ముగిసినట్టే. కోర్టు జైలుకే పంపుతుంది కానీ, ఈ మనిషి జైల్లో ఎక్కువ రోజులు బతకడని అతని కళ్లు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. లాకప్‌లో బెల్టూ బూట్ల తాళ్లూ తీసేసుకున్నారు. ఎంతకాలమని తీసుకుంటారు?

“మళ్లీ మొదట్నించీ చెప్పు. పొద్దున పొగమంచు. నువ్వు వాలు మీద చెట్లు కోస్తున్నావు. లూబోష్ ఫారెస్టు గార్డు కాబట్టి పురుగు పట్టిన చెట్లకి రంగు గుర్తులు పెడుతున్నాడు. తర్వాత?”

“చెట్టు తిరిగిపోయింది. వాలుకి కిందికి పడాల్సింది, మెలితిరిగి పైపక్కకి పడింది. లూబోష్ అంతకుముందే అటు వెళ్లాడు. పిలిచాను. పలకలేదు.”

“కేక ఏదైనా వినిపించిందా?”

“లేదు. చెట్టు చప్పుడే.”

“వెళ్లి చూశావా?”

అతను గోడ వైపు తిరిగాడు. ఈ ప్రశ్న దగ్గరే ప్రతిసారీ ఆగిపోతున్నాడని బరేష్ చెప్పాడు. అది నేరం చేసినవాడి మౌనమని అతని లెక్క.

“చూడలేదు. కాళ్లు రాలేదండీ. వాడు నా కూతురికి జ్ఞానతండ్రి. దాని బాప్తిస్మం నాడు నాకంటే ముందు వాడే ఏడ్చాడు. వాణ్ణి ఆ చెట్టు కింద ఎలా చూడను? కిందికి పరిగెత్తాను. రోడ్డు దగ్గర జెలెంకా గారు కనబడ్డారు.”

జెలెంకా ఆ అడవికి రేంజరు. లూబోష్‌కి పై అధికారి, మతౌష్‌కి పనిచ్చేవాడు.

“ఏమన్నాడు?”

“‘నువ్విక్కడే కూర్చోరా, నేను చూసొస్తా’నన్నారు. తిరిగొచ్చి తల అడ్డంగా ఊపారు. ‘నీ చెట్టు కిందే ఉన్నాడు, నువ్వు చూడకు నాయనా’ అన్నారు. పోలీసులు తీసుకెళ్లినప్పుడు కూడా కళ్లు మూసుకునే ఉన్నాను.”

“ముందు రోజు సాయంత్రం బీరు కొట్లో ఇద్దరూ అరుచుకున్నారట. అందుకే పగబట్టి చెట్టుని అతని మీద పడేశావని బరేష్ గారు రాశారు.”

“పగా? వాడి మీదా?” మొదటిసారి అతని గొంతు పైకి లేచింది. “పురుగు గురించండీ. ‘ఈ కొండకి పురుగు ఎక్కణ్ణించి పట్టిందో కనిపెట్టాను, రేపు మొహం మీదే అడిగేస్తా’ అన్నాడు. పెద్దవాళ్లతో మనకెందుకురా, ఊరుకోమని నేను అరిచాను. ఎవర్ని అడుగుతాడో చెప్పలేదు. చెప్పనివ్వలేదు నేను.”

నేను ఫోటో ఒకటి జేబులోంచి తీశాను. శవం మీద పడిన మాను కోత మొహం. దాన్ని అతనికి చూపించలేదు, నేనే ఇంకోసారి చూసుకున్నాను. చెక్క అంచు చుట్టూ ఒక ముదురు పట్టీ ఉంది. నీడ అన్నాడు బరేష్. నేను రంపపు మిల్లులో పుట్టి పెరిగినదాన్ని, మా నాన్న జీవితమంతా అలాంటి నీడల్ని తిట్టుకుంటూ గడిపాడు.

“ఒక్క మాట చెప్పు. ఆ చెట్టు కోస్తుంటే పొట్టు ఏ రంగులో పడింది?”

మతౌష్ నా వైపు తిరిగాడు. వీళ్లెవరూ ఇంతవరకు అడగని ప్రశ్న అది.

“తెల్లగా. తడి పొట్టు, బూట్లకి అంటుకుంది. పచ్చిచెట్టు కదా, పురుగు అప్పుడే తొలవడం మొదలెట్టింది. లోపల చెక్కకి ఏం కాలేదు.”

“నీలం ఎక్కడా లేదు?”

“నీలం తిరిగితే మిల్లువాడు ముట్టుకోడని మీకు తెలీదా? తెల్లగా ఉందని చెప్తున్నాగా.” మళ్లీ గోడకి తిరిగిపోయాడు. “రంగుదేముంది. మనిషి పోయాడు.”

బయట మెట్ల మీద అనేష్కా ఖాళీ బుట్టతో కూర్చుని ఉంది. “తిన్నాడా?” అంది. లేదన్నాను. “నన్ను కూడా కొండ దగ్గరికి తీసుకెళ్లండి కెప్టెన్ గారూ. దూరం నుంచే చూస్తాను. ఈసారి చూడకపోతే మళ్లీ చూస్తానో లేదో,” అంది. రూల్సు ఒప్పుకోవు. నేను కారు తలుపు తీశాను.

కొండ కింద రోడ్డు పక్కన కారు ఆపాను. ఎండ చురుక్కుమంటోంది. కారులో ఏసీ నడవాలని తాళం దానికే వదిలేసి, అనేష్కాని దిగొద్దని చెప్పి ఒక్కదాన్నే పైకి నడిచాను.

బరేష్ అప్పటికే వీడియోవాడితో హడావిడి చేస్తున్నాడు. పక్కన జెలెంకా, నిలువెత్తు మనిషి, నెరిసిన గడ్డం, చేతిలో బెరడు ఒలిచే పొడుగు కర్ర పార. చుట్టూ ఎండిపోయిన, సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్లు. సగం వాలు గోధుమరంగుకి తిరిగింది. నా చిన్నప్పుడు ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా నేల మీద ఎండ పడేది కాదు, ఇప్పుడు నెత్తి మాడిపోతోంది.

“రండి రండి, మిల్లు మేడం గారూ! చెట్టు వాసన చూసి హంతకుణ్ణి చెప్పేస్తారా?” అన్నాడు బరేష్.

“వాసన కాదు, రంగు చూసి.”

మాను ఇంకా అక్కడే ఉంది. దాన్ని కొంచెం జరిపి శవాన్ని తీశారు. కోత మొహం కొత్తది, జిగురు కూడా ఆరలేదు. కానీ అంచు చుట్టూ నీలి బూడిద రంగు పట్టీ. నీడ కాదు. గోటితో గీస్తే పోలేదు. కత్తి మొన బెరడు కిందికి దూర్చాను. పచ్చిచెట్టు బెరడైతే పెనుగులాడుతుంది. ఇది చాప చుట్టినట్టు లేచి వచ్చేసింది. కింద నిలువు సొరంగాలు, వాటికి రెండు పక్కలా సన్నటి దారులు. దారుల చివర తెల్లగా, కదలకుండా పడుకున్న పిల్ల పురుగులు. కొన్ని అప్పుడే గోధుమరంగు తిరిగి కాళ్లు ఆడిస్తున్నాయి.

“బరేష్ గారూ, ఇలా రండి. కోత కొత్తదని మీరు మోసపోయారు. ఎవరో మాను చివర ఒక ముక్క కొత్తగా కోసి తీసేశారు. మాను పాతది.”

“పురుగులు కనబడ్డాయని పాతదంటారా? ఈ కొండంతా పురుగులే.”

“పురుగు ఒంటరిగా రాదండీ. ఒంటికి బూజు అంటించుకుని వస్తుంది. బెరడు కింద అది తొలుచుకుంటూ పోతుంటే బూజు చెక్కలోకి దిగి, చెట్టుకి నీళ్లెక్కే దారులు మూసేస్తుంది. చెక్క నీలం తిరిగేది అందుకే. గుడ్డు పెట్టి, పిల్ల అయి, ఈ స్థితికి రావాలంటే వారాలు పడుతుంది. మతౌష్ కోసిన చెట్టుకి పొట్టు తెల్లగా పడింది. ఇది అతని చెట్టు కాదు.”

బరేష్ చప్పట్లు కొట్టాడు. “భలే. ఈ పురుగుల్ని కోర్టులో బోనెక్కిస్తారా? ప్రమాణం ఎవరి మీద చేయిస్తారు? ముద్దాయి ఒప్పుకున్నాడు మేడం. తన చెట్టేనని ఏడుస్తున్నాడు.”

“అతను ఆ చెట్టుని చూడనేలేదు. మీరు ఎక్కడ నిలబడ్డారో చూసుకోండి ముందు.”

అతను కిందికి చూసుకున్నాడు. మానుకి పైపక్కన, అతని బూట్ల కింద, గడ్డి పాలిపోయి తెల్లగా ఉంది. మాను పొడుగునా అంతే పొడుగు చార. వెలుతురు తగలకుండా వారాల తరబడి దుంగ కింద పడున్న గడ్డి అలా ఉంటుంది. అంటే మాను ఆ చార మీద ఉండేది. ఎవరో దాన్ని దొర్లించి మనిషి మీదికి ఎక్కించారు. లూబోష్ తల వెనక గాయం పార అంచులా సన్నగా, తిన్నగా ఉందని డాక్టరు రాశాడు. విరిగిన కొమ్మ మొదలు తగిలి ఉంటుందని బరేష్ కొట్టిపారేశాడు.

ఇంకొకటి కూడా ఉంది. మాను మీద ఆకు కొమ్మలు కప్పి ఉన్నాయి. పడిన చెట్టు మీద కొమ్మలు చెల్లాచెదురుగా ఉంటాయి. ఇవి వరసగా, ఒకదాని మీద ఒకటి, మొదళ్లన్నీ కొండ వైపు పెట్టి పేర్చి ఉన్నాయి.

“జెలెంకా గారూ, వసంతంలో ఈ వాలు మీద ఎర దుంగలు వేశారా?” అని అడిగాను.

ఇక్కడ పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేని పని అది. పురుగు లేచే కాలానికి ముందే మంచి చెట్లు కొన్ని పడగొట్టి, ఎండకి ఆరకుండా కొమ్మలు కప్పుతారు. నిలబడ్డ చెట్లని వదిలేసి పురుగంతా వాటికే చేరుతుంది. పిల్లలు ఎగరకముందే బెరడు ఒలిచి కాల్చేయాలి. మరిచిపోతే మాత్రం, పురుగుని పట్టినవాడు కాదు, పెంచినవాడవుతాడు.

“వేశామమ్మా. అన్నీ ఒలిచేశాం. ఆఫీసులో రిపోర్టు కూడా ఇచ్చాను,” అన్నాడు జెలెంకా నెమ్మదిగా. అతని చేతిలో పార కర్ర కొంచెం తిరిగింది.

ఎర దుంగలు ఒలవలేదు. కొండ చచ్చింది ఇతని చేతుల్లో. లూబోష్ మొహం మీదే అడగాలనుకున్నది ఇతణ్ణే. అడిగినందుకు పారతో కొట్టి, మతౌష్‌ని రోడ్డు దగ్గర కూర్చోబెట్టి వెళ్లి, దుంగని శవం మీదికి దొర్లించి ఉంటాడు. నాకు అప్పుడే నోరు తెరవాలనిపించింది, కానీ ఇంతలో పోలీసు వ్యాను వచ్చి ఆగింది. బేడీలతో మతౌష్ దిగాడు. తల ఎత్తలేదు.

“మొదలెడదాం! జెలెంకా గారు అలాంటి చెట్టే ఒకటి కోసి చూపిస్తారు. లూబోష్ నిలబడ్డ చోట ముద్దాయి నిలబడతాడు. చెట్టు దూరంగానే పడుతుందిలెండి,” అన్నాడు బరేష్.

“ఆపండి. ప్రాసిక్యూటరు ఆఫీసుకి ఫోన్ చేసి మాట్లాడేదాకా ఆపండి.”

“కేసు నాది మేడం. మీకు కావాల్సినంత ఫోన్ చేసుకోండి.”

వాలు మధ్యలో సిగ్నల్ ఉండదు. తిట్టుకుంటూ పైకెక్కాను. ఒకరిద్దరు తలమాసినవాళ్లు చేతిలో అధికారం పట్టుకుంటే అమాయకుడి మెడకి తాడు ఎంత తేలిగ్గా పడుతుందో అనుకున్నాను. ఎండు చెట్లు దాటి, ఇంకా పచ్చగా మిగిలిన గుబురులోకి వచ్చాను. కాలు మెత్తటిదాని మీద పడింది.

తెల్లటి రంపపు పొట్టు. ఎండకి కొంచెం పసుపు తిరిగింది, అంతే. పక్కన తెల్లటి మోడు. మోడు మీద చెక్క ఒక పక్కకి మెలితిరిగి చీరుకుపోయింది. చెట్టు దారి తప్పి పైపక్కకి పడినట్టు తెలుస్తూనే ఉంది. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్న పెద్ద స్ప్రూస్ పడి ఉంది. నేను దాని మొదలు నుంచి చివరిదాకా వంగి, కొమ్మలు ఎత్తి ఎత్తి చూశాను. కింద నెత్తురు లేదు. మనిషి గుర్తు ఏదీ లేదు. ఎవరూ లేరు. మతౌష్ ఎవరినీ చంపలేదు.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. కళ్లు తుడుచుకుని కిందికి చూశాను.

కింద జెలెంకా మోటారు రంపం స్టార్ట్ చేశాడు. అతను ఎంచుకున్న చెట్టు వెనక భాగం నాకు పైనుంచి కనబడుతోంది. అక్కడున్నవాళ్లకి కనబడదు. బెరడు రాలిపోయిన చచ్చిన చెట్టు. సగం ఎత్తులో వడ్రంగి పిట్ట పొడిచిన బొక్కలు, వాటి పక్కన అరుగుల్లాంటి పుట్టగొడుగులు, అంచుకి ఎర్రటి పట్టీతో. అది నీలం బూజు కాదు. దాని తర్వాత వచ్చేది. పురుగులు మోసుకొచ్చిన ఇంకో రకం, చెక్కని తినేసే రకం. మొదట్లో మాను గట్టిగానే ఉంటుంది. నడుము దగ్గర లోపలంతా పిండైపోయి ఉంటుంది. రంపం అదురుకి కింద కోత పూర్తికాకముందే నడుము విరిగి పైసగం నిటారుగా కూలుతుంది. అందుకే మా నాన్న అలాంటి చెట్టు కనబడితే దూరంగా చుట్టుతిరిగి వెళ్లేవాడు. రేంజరుకి తెలియకుండా ఉంటుందా?

మతౌష్‌ని నిలబెట్టింది సరిగ్గా దాని కింద. ఇవాళ అతను కళ్లు తెరిచి చూస్తే, శవం మీద పడిన ఆ మాను తనది కాదని ఒక్క చూపులో చెప్పేస్తాడు. చూడకముందే పోవాలి, జెలెంకాకి కావాల్సింది అదే.

“ఆపండి! బరేష్! ఆ చెట్టు ఆపండి!”

పరిగెత్తాను. రాళ్లూ వేళ్లూ ఏవీ కనబడలేదు. రంపం హోరులో నా గొంతు ఎవరికీ వినబడలేదు. పైన టప్పుమని చిన్న చప్పుడైంది. పుట్టగొడుగు ఒకటి ఊడి మతౌష్ భుజం మీద పడింది. అతను తల ఎత్తి చూశాడు.

అతనికి అర్థమైంది. పుట్టినప్పటి నుంచీ అడవిలో బతికినవాడు, ఎందుకు అర్థం కాదు? అర్థమయ్యే కదల్లేదు. బేడీల చేతులు ముందు పెట్టుకుని, చర్చిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు.

జరగమంటే జరగడు. ఆ సంగతి నాకు తెలిసిపోయింది.

“మతౌష్! నీ చెట్టు దొరికింది! తెల్ల పొట్టు! దాని కింద ఎవరూ లేరు! ఎవరూ లేర్రా!”

అతని కళ్లు తెరుచుకున్నాయి. ఒక్క అడుగు వేశాడు, తూలాడు, పక్కకి దూకాడు. చెట్టు నడుము విరిగింది. పైసగం నిటారుగా దిగి అతను నిలబడ్డ చోట నేలలో దిగబడి, బద్దలై పడింది. పుచ్చిన చెక్క పొడి పొగలా లేచింది. బరేష్ కింద కూర్చుండిపోయాడు. వీడియో ఇంకా తీస్తూనే ఉన్నారు.

నేను మతౌష్ దగ్గర మోకాళ్ల మీద పడ్డాను. మోచేయి చీరుకుపోయింది, అంతకుమించి ఏమీ లేదు.

“దాని కింద... ఎవరూ లేరా?”

“లేరు.”

“సరిగ్గా చూశారా? కొమ్మలెత్తి చూశారా?”

“మొదలు నుంచి చివరిదాకా చూశాను.”

అతను నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి తల తిప్పి, శవం దొరికిన మానుని మొట్టమొదటిసారి చూశాడు. ఏడుపు ఆగిపోయింది.

“ఇది ఎర దుంగ. నాది కాదు. ఆ కొమ్మలు చూడండి, మొదళ్లన్నీ కొండ వైపు. దుంగ మీద చెయ్యి పడితే ఆయన అలా కప్పకుండా ఉండలేరు. మా అందరికీ నేర్పింది కూడా ఆయనే.”

“ఆయనెవరు?” అన్నాడు బరేష్. గొంతులో వెటకారం లేదు.

అందరం వెనక్కి తిరిగాం. సగం కోసిన మాను దగ్గర మోటారు రంపం నేల మీద పడి ఒంటరిగా నడుస్తోంది. జెలెంకా లేడు. చెట్టుకి ఆనించిన పార కూడా లేదు.

కింద రోడ్డు మీద కారు తలుపు ధనామని పడింది. ఇంజను హోరు పెరిగింది. ఆ కారు నాదే.

“కారులో ఎవరున్నారు?” అన్నాడు మతౌష్.

నాకు చెప్పక్కర్లేకపోయింది. అతను నా మొహం చూశాడు. బేడీలతోనే లేచాడు, మా అందరికంటే ముందు వాలు దిగి పరుగెత్తాడు. ఈసారి అతని కాళ్లు వచ్చాయి.